ఎద్దుల దళారి తువ్వాలు

పోయిన నెల ప్రొద్దుటూరులో ఒక కల్యాణ మండపంలో మీటింగ్ పెట్టారు. ఇటుకల బట్టీ నడుపుతున్నదాన్ని కదా, నన్ను కూడా పిలిచారు. నూనెమిల్లుల వాళ్ళను, బండల ఫ్యాక్టరీల వాళ్ళను, మగ్గాల వాళ్ళను, హోటళ్ళ వాళ్ళను అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒకరు పారేసేది ఇంకొకరికి సరుకు అవుతుంది, మీరంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి అని చెప్పారు. చెప్పిన పిల్ల బాగా చెప్పింది. గోడ మీద ఒక బొమ్మ వేసి చూపించింది. మిల్లులోంచి బాణం బయలుదేరి బట్టీకి పోతుంది, బట్టీలోంచి ఇంకొక చోటికి, అక్కడినుంచి మళ్ళీ మిల్లుకే. అంతా గుండ్రం.

నాకు నవ్వొచ్చింది. పక్కనున్న మనవరాలు మోచేత్తో పొడిచింది.

"ఏందవ్వా, అట్ల నవ్వుతాండావు? అందురూ చూస్తాండారు."

"ఆ గుండ్రం నడుమ ఉత్తగా ఉండాది చూడు. ఆడ ఒక మనిషిని నిలబెట్టాల. సైకిల్ మీద."

ఇంటికొచ్చాక ఆ మనిషి గురించి నేను చెప్తాను, నువ్వు రాయి అని దాన్ని కూర్చోబెట్టాను. నాకు సంతకం వరకే వచ్చు. ఆయన పేరు మాత్రం రాయొద్దన్నాను. మేము పేరు పెట్టి పిలిచిందే లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మామే.

మామ మొదట్లో ఎద్దుల దళారి. పులివెందుల వైపు ఎక్కడ సంత జరిగినా ఎద్దు పళ్ళు చూసి, తోక మెలిపెట్టి, కొనేవాడికీ అమ్మేవాడికీ బేరం కుదిర్చేవాడు. ట్రాక్టర్లొచ్చాయి. వానలు ముఖం చాటేశాయి. ఎద్దులు కొనేవాడు లేకుండా పోయాడు. మామకు మాత్రం ఇద్దరు మనుషులు దూరదూరంగా నిలబడి ఉంటే చెయ్యి దురద పెట్టేది. వాళ్ళ మధ్య ఏదో ఒక బేరం కుదిర్చేదాకా అన్నం సహించేది కాదు. ఎద్దులు లేకపోయేసరికి చెత్త మీద పడ్డాడు.

చొక్కా జేబుల్లో ఎప్పుడూ ఏవేవో ఉండేవి. ఒక జేబులో చిటికెడు రాతిపొడి, ఇంకొక జేబులో పత్తిగింజల తొక్కు. బీడీ కోసం చెయ్యి పెడితే నూలుపోగులు బయటికొచ్చేవి. ఆ పోగులను వేళ్ళకు చుట్టుకుంటూనే మాట్లాడేవాడు. ఏ మిల్లుకు పోయినా ముందు గేటు తొక్కడు. సైకిల్ చుట్టూ తిప్పుకొని వెనక గేటు దగ్గర ఆపుతాడు.

"ముందర గేటు కాడ అందురూ మారాజులేమ్మీ," అనేవాడు నాతో. "ఎనక గేటు కాడ చూడు. చెత్త యాడ పొయ్యాల్నో తెలీని సంసారులు."

అక్కడ పనివాడు కనిపించినా, యజమాని కనిపించినా ఆయన అడిగే మాట ఒకటే.

"ఇది యాడికి పోతాంది?"

యాడికీ పోదు అంటే ఆయన కళ్ళు వెలిగేవి. అంతే, దానికొక ఇల్లు వెతకాల్సిందే. మగ్గాల దగ్గర తెగిన నూలును మోటారు మెకానిక్‌లకు చేతులు తుడుచుకోవడానికి ఇప్పించాడు. హోటళ్ళ కుడితిని బర్రెలున్న ఆడవాళ్ళకు కుదిర్చాడు. సొంత కూతురి నిఖాలో తండ్రి కనపడలేదని అందరూ వెతికితే, వంటల పందిరి వెనక ఒక బర్రెలామెతో గంజి బేరం మాట్లాడుతూ దొరికాడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం సైకిల్ దిగి, ఊడ్చిన దుమ్మును జల్లించే వాళ్ళను చూసి నిట్టూర్చేవాడు.

"బంగారు అంగడి దుమ్ముకైతే కొట్టుకుంటారు. తక్కిన దుమ్ములు ఏం పాపం చేసినాయప్పా?"

అన్నీ కుదిరాయనుకోకండి. ఒకసారి కారంమిల్లు దగ్గర మిరప తొడిమలు గుట్టలుగా పడి ఉంటే, బేకరీ పొయ్యిలోకి బాగుంటాయని తోలించాడు. పొయ్యి అంటించారు. వీధి వీధంతా దగ్గులు, తుమ్ములు, కన్నీళ్ళు. అవి ఫ్యాక్షన్ పార్టీల రోజులు. పోలీసులు గ్యాసు వదిలారనుకొని, ఆ పూట గొడవకు సిద్ధంగా ఉన్న రెండు పార్టీల మనుషులూ చెరొక సందులో దూరారు. బేకరీ ఆయన పిండి చేతులతోనే మామ గొంతు పట్టుకోబోయాడు.

"తప్పయిపాయప్పా," అన్నాడు మామ కళ్ళు తుడుచుకుంటూ. "కానీ చూడు, ఊరు ఎంత శాంతంగా ఉండాదో!"

ఇంక నా సంగతి. నా దొడ్డి ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పక్కన ఉంది. మావాళ్ళు తాతల నాడు మిషన్ దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. ఆ దొడ్డి కూలినాలి చేసి నా మొగుడు కొన్నది. దానికి ఎడమపక్క నూనెమిల్లు, కుడిపక్క బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. నూనెమిల్లు పెద్దాయనది పులివెందుల వైపు, ఒక పార్టీ. బండల పెద్దాయనది జమ్మలమడుగు వైపు, ఇంకొక పార్టీ. ఒకరి మొఖం ఒకరు చూడబోమని, ఒకరితో ఒకరు మాట్లాడబోమని దేవుని ముందు ప్రమాణం చేసుకున్నవాళ్ళు. ఒకరి జీపు ఎదురొస్తే ఇంకొకరి జీపు చేలో దిగి పోయేది.

నా మొగుడు జ్వరంతో పోయాడు. ఆ రోజుల్లో మనిషి జ్వరంతో పోయాడంటే నమ్మేవాళ్ళు కారు. "ఏ పార్టీమ్మా?" అని అడిగేవాళ్ళు. ఏ పార్టీ కాదంటే పాపం అన్నట్టు చూసేవాళ్ళు.

ఆయన పోయాక రెండు వైపుల నుంచీ మనుషులు రావడం మొదలైంది. నూనెమిల్లు మనిషి వచ్చి, "దొడ్డి మాకే అమ్మాల. వాళ్ళకు అమ్మినావంటే ఆ పైన నీ ఇష్టం," అని పోయేవాడు. ఆ మాటే బండల ఫ్యాక్టరీ మనిషి వచ్చి చెప్పేవాడు. ఎవరికి అమ్మినా రెండోవాళ్ళకు పగదాన్ని అవుతాను. అమ్మకపోతే ఇద్దరికీ. ఒళ్ళో ఆడపిల్ల. ఆ దొడ్డి తప్ప మాకు నిలవడానికి నేల లేదు.

అట్లాంటప్పుడు ఒకనాడు మామ సైకిల్ నా గుడిసె ముందు ఆగింది. మనిషి నాతో మాట్లాడకుండా ముందు ఎడమ గోడ మీదికి తొంగి చూశాడు. తర్వాత కుడి గోడ మీదికి. నూనెమిల్లులో చెనక్కాయ పొట్టు కొండలాగా పడి ఉంది. వాళ్ళు కాయలు ఆరబోసేది మట్టి నేల మీద, వాన పడితే అంతా బురదే. బండల ఫ్యాక్టరీలో విరిగిన బండ ముక్కలు, పాలిష్ పట్టగా వచ్చిన బూడిదరంగు రాతి బురద. వాళ్ళ లారీల్లో మెత్త లేక దారిలోనే బండలు పగిలేవి.

"అమ్మీ, నువ్వు శానా అదృష్టవంతురాలివి," అన్నాడు.

"అదృష్టమా? రెండు ఎద్దులు కుమ్ముకుంటాంటే నడుమ ఇరుక్కున్న దూడ మాదిరి ఉండా మామా నేను."

"ఎద్దుల సంగతి నాకిడువు," అని నవ్వాడు.

మావైపు ఒక పట్టింపు ఉంది. పగవాడి ఇంటి నుంచి నిప్పు కూడా తెచ్చుకోరు, వాడికి చెంబెడు నీళ్ళు కూడా ఇవ్వరు. ఇస్తే వంగినట్టు, తీసుకుంటే ఇంకా వంగినట్టు. కానీ పారేసిన దానికి ఆ పట్టింపు లేదు. దిబ్బ మీద పడిన వస్తువును ఎవరూ ఇచ్చినట్టు కాదు, ఎవరూ పుచ్చుకున్నట్టు కాదు. మామ పట్టుకున్న కిటుకు అదే. నా దొడ్డిని దిబ్బ చేశాడు. నూనెమిల్లు కూలీలు పొట్టును చినిగిన గోనెసంచుల్లో నింపి గోడ మీదుగా నా దొడ్లోకి విసిరేవాళ్ళు. బండల ఫ్యాక్టరీ కూలీలు ముక్కలు తెచ్చి ఇంకొక మూల పడేసేవాళ్ళు. కాసేపటికి వీళ్ళు అవి ఏరుకుపోయేవాళ్ళు, వాళ్ళు ఇవి. పొట్టు సంచులు లారీల్లో బండల మధ్య మెత్తలయ్యాయి. బండ ముక్కలు మిల్లులో కాయలారబోసే కళ్ళానికి పరుపయ్యాయి. మిగిలిన రాతి బురదను నేను మట్టిలో కలిపి ఇటుకలు కోశాను, మిగిలిన పొట్టుతో కాల్చాను. మొదటి ఇటుకలు చేత్తో నొక్కితే విరిగాయి.

నేను ఏడుపు ముఖం పెడితే, "టీలో ముంచుకోని తిను," అన్నాడు మామ. బురద తగ్గించు, మట్టి పెంచు, మళ్ళీ కాల్చు అన్నాడు. ఆయనకు తెలిసి కాదు, ఏదో ఒకటి చెయ్యాలని. చేస్తూ చేస్తూ ఉంటే కుదిరింది.

యజమానులిద్దరికీ ఇదంతా తెలుసు. తెలియనట్టు ఉన్నారు. అదే బాగుండింది. ఎన్నికలొచ్చాయి. వేడి మీద ఎవడో నూనెమిల్లు ముందు నిలబడి అరిచాడు.

"మన పొట్టు మీద వాళ్ళ బండలు పండుకోని పోతాండాయిరా! సిగ్గు ల్యా?"

ఇటుపక్క ఊరుకుంటారా?

"మన బండల మీద వాళ్ళు కాయలారబోసుకుంటాండారు. వాళ్ళకు ఉండాదా?"

గట్టిగా అనేశాక ఇంక తెలియనట్టు ఉండడం కుదరదు. విసరడాలు ఆగిపోయాయి. ఆదివారం వచ్చి దొడ్డి చుట్టూ కంచె వేస్తామని నూనెమిల్లు వాళ్ళు కబురు పంపారు. అదే ఆదివారం మేమూ వస్తామని బండల వాళ్ళు చెప్పారు. రెండు వైపులా జీపులు తుడుస్తున్నారని విన్నాను. నేను ట్రంకు పెట్టె సర్ది, బిడ్డను చంకనేసుకొని గడపలో నిలబడ్డాను. చక్రాయపేటలో ఉన్న మా అక్క దగ్గరికి పోదామని.

మామ సైకిల్ దిగి పెట్టెను చూశాడు.

"ఇది యాడికి పోతాంది?"

"నన్ను నవ్వించాకు మామా. నాకు దిగులుగా ఉండాది."

"పెట్టె దించు. ఆదివారానికి బొరుగుల ఉగ్గాని చెయ్యి, బజ్జీలు చెయ్యి. శానా చెయ్యాల."

"ఎవురికి?"

"పెండ్లోళ్ళకు," అని సైకిలెక్కాడు.

ఆయన ఆ ఇద్దరి దగ్గరికీ పోయాడని తర్వాత తెలిసింది. ఇద్దరికీ చెప్పింది ఒకటే మాట. మీరు మాట్లాడే పని లేదు, మొఖం చూసే పని లేదు, మీ ప్రమాణం చెడదు, వచ్చి కూర్చోండి చాలు.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి దొడ్లో రెండు కుర్చీలు ఉన్నాయి. ఒకదాని వీపు ఇంకొకదానికి ఆనించి. రోడ్డుకు అటు కొన్ని జీపులు, ఇటు కొన్ని జీపులు. జీపుల్లో మీసాలు, ఆ మీసాల చేతుల్లో ఏమున్నాయో నేను చూడదలుచుకోలేదు. మామ మాత్రం ఒక్కొక్క జీపు దగ్గరికి పోయి అందరి చేతుల్లో ఉగ్గాని ప్లేట్లు పెట్టాడు. ఒక చేతిలో ప్లేటు, ఒక చేతిలో మిరపకాయ బజ్జీ.

"రొండు చేతులూ నిండినాక మనిషి మంచోడైపోతాడమ్మీ," అని నా చెవిలో ఊది పోయాడు.

ఒకాయన ఇటు నుంచి, ఒకాయన అటు నుంచి తల వంచుకొని వచ్చి, వీపు వీపు తగిలేలా కూర్చున్నారు. ఇద్దరూ లావుపాటి మనుషులు. కుర్చీలు కిర్రుమన్నాయి. మామ భుజం మీది ఎర్ర గళ్ళ తువ్వాలు తీశాడు.

సంత తెలియని వాళ్ళకు చెప్పాలి. ఎద్దుల సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. పక్కవాడికి కనపడదు, వినపడదు. తువ్వాలు పరిచాక, బేరం తెగి, అంటే ధర ఖాయమై, దాన్ని తీసేదాకా మూడోవాడు నోరు పెట్టకూడదు. బేరం జరిగే చోటులోకి అడుగు పెట్టకూడదు. ఎంత పోకిరివాడైనా సంతలో ఆ మాట దాటడు. ఈ ఇద్దరూ చిన్నప్పటి నుంచి తండ్రుల వెనక ఎద్దులు తోలుకొని సంతలకు పోయినవాళ్ళే.

"చేతులు ఎనక్కి పెట్టండప్పా," అన్నాడు మామ.

ఇద్దరూ చేతులు వెనక్కి పెట్టారు. మామ వాటి మీద తువ్వాలు కప్పాడు.

"తువ్వాలు పరిచినా. ఇంక ఎవురూ మాట్లాడగూడదు."

జీపుల్లో బజ్జీలు నమిలే చప్పుడు ఒకటే. తువ్వాలు కదిలింది. పొట్టు ఎన్ని బండ్లో, బండ ముక్కలు ఎన్ని బండ్లో వేళ్ళే చెప్పుకుంటున్నాయి. బండల పెద్దాయన ముఖం ఎర్రబడింది. నూనెమిల్లు పెద్దాయన పెదవి కొరుక్కున్నాడు. తువ్వాలు గట్టిగా ఒక గుంజు గుంజుకుంది. నేను బిడ్డను దగ్గరికి లాక్కున్నాను. అంతలో నూనెమిల్లు ఆయన ముక్కులోంచి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. వీపు ఆనించుకొని ఉన్నాడు కదా, ఆ నవ్వు అవతలాయన వీపుకు తెలియకుండా ఉంటుందా? అవతలాయన కూడా దగ్గాడు.

"ఇంకా ఎంతసేపు మామా?" అని జీపులోంచి ఒకడు అరిచాడు.

"నువ్వు బజ్జీ తినప్పా."

అంత పెద్ద లెక్కలేం కావు అవి. అంతసేపు పట్టే పని లేదు. అయినా చేతులు విడిపోలేదు. చివరికి విడిపోయాక మామ పైకి చెప్పాడు. పొట్టు బండల లారీలకు, ముక్కలు మిల్లు కళ్ళానికి, బురద ఇటుకలకు. మునుపటి మాదిరే, కాకపోతే ఇంక దొంగచాటు లేదు. ఇద్దరూ లేచి ఎవరి దారిన వాళ్ళు నడిచారు.

నాకు ఓపిక పట్టలేదు.

"మామా, నా దొడ్డి సంగతి?"

మామ పలికేలోపే రెండు వైపుల మనుషులూ దిగారు. కంచె రాళ్ళు తెచ్చే ఉన్నారు. నూనెమిల్లు మనిషి ఒకడు, "బేరం తెగింది గదా, తువ్వాలు తీసేయ్ మామా," అన్నాడు.

మామ తువ్వాలు దులిపి, నా గేటు గుంజకు ముడి వేశాడు.

"తెగిందని ఎవురు చెప్పినారు? ఈ ఏటి మాట అయింది. వచ్చే ఏడు కాయలు పండవా? బండలు కొయ్యరా? అప్పుడేం చేస్తారు? బేరం సాగుతాండాదప్పా. తువ్వాలు ఉన్నన్నాళ్ళూ ఈ చోట్లో ఎవుడూ అడుగు పెట్టగూడదు. చోటు ఈ బిడ్డది. బేరం మీది."

పోతున్న పెద్దాయనలిద్దరూ ఆగారు. వెనక్కి తిరిగి చూడలేదు, తిరిగితే మొఖాలు కనపడతాయి. ఆ వీపులు అట్లా కాసేపు ఆలోచించాయి. తర్వాత నూనెమిల్లు ఆయన తన మనుషులకు చేత్తో సైగ చేశాడు, పదండి అని. బండల ఆయనా అదే సైగ చేశాడు. జీపులు పోయాయి. కుర్చీలు తీస్తుంటే చూశాను. నేను భయపడుతూ పెట్టిన టీ గ్లాసులు రెండూ ఖాళీగా ఉన్నాయి. మా ఇండ్లలో నీళ్ళు కూడా ముట్టని మనుషులు వాళ్ళు.

అప్పటి నుంచి ఏటా కాయలు మిల్లుకొచ్చే రోజుల్లో నా దొడ్లో కుర్చీలు పడేవి. కొన్నేళ్ళకు వీపు వీపు పోయి భుజం భుజం అయింది. నూనెమిల్లు ఆయనకు నడుము నొప్పి, చెయ్యి వెనక్కి తిరగడం లేదని. జీపులు రావడం మానేశాయి, ఉగ్గాని మాత్రం మానలేదు. ఒక ఏడు తువ్వాలు నవ్వుతో ఊగింది. వాళ్ళు పోయాక నేను అడిగాను.

"ఏం చెప్పుకున్నారు మామా?"

"వేళ్ళకు లెక్క తప్ప ఏం తెలుసమ్మీ," అన్నాడు. జేబులోంచి బీడీ తీయబోతే నూలుపోగు వచ్చింది.

దళారీ కింద ఆయన ఏం తీసుకున్నాడో నాకు తెలియదు కానీ, సైకిల్ మాత్రం ఎన్నడూ మారలేదు. నా గుడిసె ఇల్లయింది, నా ఇటుకలతోనే. కూతురు పెళ్ళయింది, మనవరాలు పుట్టింది. తువ్వాలు ఎండకు వెలిసి, గళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. చినిగిన చోటల్లా నేను కుట్టు వేసేదాన్ని.

పోయిన ఏడు మామ పోయాడు. జ్వరంతోనే. ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు.

కబురు తెలిసి, ఆయనదే కదా, ఆయన మీద కప్పుదామని తువ్వాలు గుంజ నుంచి విప్పి, మడత పెట్టుకొని ప్రొద్దుటూరులో వాళ్ళ వీధికి పోయాను. జనాజా ఎత్తడానికి ఇంకా పొద్దుంది. వీధికి ఒక పక్క అరుగు మీద నూనెమిల్లు పెద్దాయన, చేతికర్ర పట్టుకొని కూర్చున్నాడు. ఎదురు అరుగు మీద బండల పెద్దాయన. ఎప్పటిలాగే ఒకరినొకరు చూడకుండా.

"ఏమ్మా, ఆ చేతిలో ఏంది?" అన్నాడు నూనెమిల్లు ఆయన.

"మామ తువ్వాలు. ఆయన మీద కప్పుదామని తెచ్చినా."

ఆయన ముఖం మారింది. కర్ర ఊతంతో లేచాడు. ఎదురు అరుగు మీద ఆయన కూడా మాట విన్నట్టుంది, ఆయనా లేచాడు. ఇద్దరూ తల పక్కకు తిప్పుకొనే వీధి నడిమికి, నా దగ్గరికి వచ్చారు. నూనెమిల్లు ఆయన నా చేతుల్లో ఉన్న తువ్వాలు మడత విప్పి, దాని కింద చెయ్యి పెట్టాడు. బండల ఆయన కూడా చెయ్యి పెట్టాడు. తువ్వాలు పరిచారని వీధిలో జనం పక్కకు జరిగారు. తువ్వాలును నేను రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాను. లోపల ఆ ముసలి వేళ్ళు మాట్లాడుకోవడం నా అరచేతులకు తెలుస్తోంది. చాలాసేపు పట్టింది.

చేతులు బయటికి తీశాక నూనెమిల్లు ఆయన కళ్ళు తుడుచుకొని నా మీద కసిరాడు.

"ఎవురు విప్పమన్నారు నిన్ను? పో, పోయి గుంజకు కట్టు. బేరం ఇంకా తెగల్యా."

బండల ఆయన అటు తిరిగే తల ఊపాడు.

నేను తువ్వాలు గుండెకు పట్టుకొని ఆటో కోసం పరుగెత్తాను. గుమ్మం ముందు మామ సైకిల్ గోడకు ఆనించి ఉంది. దాన్ని దాటుతుంటే మామ అడిగినట్టే అనిపించింది, ఇది యాడికి పోతాంది అని.

"యాడికీ పోదు మామా," అన్నాను పైకే. "గేటు కాడికే."